మైపాడులో 7.5 కట్టిన శనివారం

నాట్లు అంటే మా నెల్లూరు జిల్లాలో ఎవరికైనా వరినాట్లే గుర్తొస్తాయి. గాలిని కూడా నాట్లలోనే కొలుస్తారంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. విండ్‌సర్ఫింగ్ నేర్పుతుండగా జరిగిన ఈ కేసులో తేడా వచ్చింది 8 నాట్ల దగ్గర. తప్పు నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడిది కాదు, నాది.

మైపాడు, రామాయపట్నం, అప్పుడప్పుడు ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరాల్లో నేను విండ్‌సర్ఫింగ్ చేస్తుంటాను, అంటే సెయిల్ (తెరచాప) బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో నీటి మీద పోవడం. అడిగినవాళ్లకు నేర్పుతుంటాను. ఈ కుర్రాడు నెల్లూరులో బ్యాంకు ఉద్యోగి. వయసు 34, బరువు 78 కేజీలు. గోవాలో రెండు సెలవులకి వెళ్లి బేసిక్స్ నేర్చుకొచ్చాడు. బోర్డు మీద నిలబడి తాడుతో సెయిల్ పైకి లాగగలడు, అటూ ఇటూ పోయి బయల్దేరిన చోటికే రాగలడు. హార్నెస్, అంటే సెయిల్ లాగుడుని చేతుల బదులు నడుం మోసేలా కొక్కెంతో తగిలించే పట్టీ, అలవాటైంది. గాలి సరిపడా ఉంటే బోర్డు నీళ్లను తోసుకుంటూ పోవడం మానేసి నీటి మీదికి లేచి జారుతుంది. దాన్ని ప్లేనింగ్ అంటాం. ఆ రుచి రెండు మూడు సార్లు చూశాడు కాబట్టి ఇంకేదీ రుచించడం లేదు. వాటర్‌స్టార్ట్ మాత్రం రాదు. అంటే నీళ్లలో పడ్డాక సెయిల్‌కి గాలి పట్టించి, ఆ గాలే మనిషిని బోర్డు మీదికి లేపేలా చేయడం రాదు. పడితే బోర్డెక్కి, తాడు పట్టుకుని, నడుం బలంతో లాగాల్సిందే.

సామాను మొత్తం సెకండ్ హ్యాండే. 145 లీటర్ల ఫ్రీరైడ్ బోర్డు ఒకటి, 7.5, 6.2, 5.0 చదరపు మీటర్ల సెయిల్స్ మూడు, 46, 40 సెంటీమీటర్ల ఫిన్‌లు (బోర్డు అడుగున బిగించే రెక్కలు) రెండు. 145 లీటర్ల బోర్డు దాదాపు 145 కేజీలు మోస్తుంది. అందులో 78 మనిషికి, ఒక ఇరవై దాకా బోర్డుకీ మాస్ట్‌కీ (సెయిల్‌ని నిలబెట్టే కర్రకీ) సెయిల్‌కీ తీసేసినా ఇంకా మిగులుంది. గాలి పడిపోయినా మునగదు. కాబట్టి బోర్డు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు, ఇప్పటికీ లేదు. గొడవంతా సెయిల్ దగ్గరే.

పొద్దున గాలి

మే ఆఖరి వారం, రోహిణి కార్తె. తొమ్మిదిన్నరకి మైపాడు చేరేసరికి పడమటి గాలి వీస్తోంది. ఒంటికి తగిలితే పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. ఒడ్డు పక్కన నీళ్లు మాత్రం చెరువులా ఉన్నాయి. గాలి మీటర్ పైకెత్తి పట్టుకుంటే 7 నాట్లు చూపించింది.

"అన్నా, పెద్ద సెయిల్ కట్టుకుని ఒక రౌండ్ వేసి రానా? అలలు కూడా లేవు" అన్నాడు.

వద్దన్నాను. గాలి ఎంతుందో చూసేముందు ఎటు నుంచి ఎటు పోతోందో చూడాలి. మన తీరం ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, సముద్రం తూర్పున. పడమటి గాలి నేల మీద నుంచి నీళ్లలోకి తోస్తుంది. వెళ్లడం ఎవరైనా వెళ్తారు. ఏదైనా విరిగిందంటే మనిషిని ఆ గాలి వెనక్కి తీసుకురాదు, ఇంకా లోపలికే పట్టుకుపోతుంది.

పైగా ఆ 7 కూడా నిజం కాదు. మా వెనకాల సరుగుడు తోట ఉంది. చెట్ల వరస గాలికి అడ్డం నిలిస్తే, దాని ఎత్తుకి పది పదిహేనింతల దూరం దాకా గాలి నీరసంగానే ఉంటుంది. తోట 12 మీటర్ల ఎత్తుంటే, దాని నుంచి 150 మీటర్ల దాకా సముద్రం సాధువులా కనిపిస్తుంది. అది దాటాక అసలు గాలి తగులుతుంది. ఇంకో మోసం కూడా ఉంది. గాలి మన వెనక నుంచి పోతున్నప్పుడు ఒడ్డున నిలబడినవాడికి అలల వీపులే కనిపిస్తాయి. నురుగు అవతలి వైపుకి విరుగుతుంది కాబట్టి తెలుపు తక్కువగా కనిపిస్తుంది. అదే గాలి ఎదురుగా వస్తే సముద్రమంతా తెల్లమచ్చలే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. ఫైబర్ బోట్లన్నీ ఇసక మీద బోర్లించి ఉన్నాయి. మిగతా నెలల్లో అయితే కనుచూపు మేరలో ఏదో ఒక బోటు ఉంటుంది, కేకేస్తే వస్తారు. మేలో సముద్రం మీద పిలవడానికి ఎవరూ ఉండరు.

ఇంతవరకూ సరిగ్గానే ఆలోచించాను.

11 చూపించిన మీటర్

పదకొండున్నరకి పడమటి గాలి తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఆ ఉక్కపోతలో గంటసేపు బోటు నీడన కూర్చున్నాం. పక్కన ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. అరవై దాటి ఉంటాయి. దూరంగా ఎవరో ఎండాకులు తగలబెట్టారు. ఆ పొగ మొదట నిట్టనిలువుగా లేచింది. పన్నెండు నలభై ప్రాంతంలో కింది పొగ మెల్లగా ఊరివైపు వాలింది, పైకి పోయిన పొగ మాత్రం ఇంకా సముద్రం వైపే పోతోంది. కింద ఒక గాలి, పైన ఇంకో గాలి. సముద్రపు గాలి లోపలికి రావడం మొదలైందనడానికి ఇంతకంటే మంచి గుర్తు నేను చూడలేదు. కాసేపటికి పెదాల మీద ఉప్పు తగిలింది, చెమట చల్లబడింది.

ఒంటి గంటా పదిహేనుకి మీటర్ 11 చూపించింది. ఆగ్నేయం నుంచి, అంటే సముద్రానికి ఎదురుగా నిలబడితే కుడి చేతి వైపు నుంచి ఏటవాలుగా ఒడ్డుకి వస్తోంది. దిక్కు బంగారం. ఫోన్లో ఫోర్‌కాస్ట్ కూడా 10, దెబ్బలుగా వస్తే 14 అనే చెప్పింది.

"7.5 కట్టు తమ్ముడూ" అన్నాను.

నేను వాడే లెక్క ఇది: మనిషి బరువును 1.4తో గుణించి, గాలి నాట్లతో భాగిస్తే ప్లేనింగ్‌కి కావాల్సిన సెయిల్ వస్తుంది. 78ని 1.4తో గుణిస్తే 109. దాన్ని 7.5తో భాగిస్తే 14.6 నాట్లు. అంటే 7.5 సెయిల్‌కి సరైన గాలి 14, 15. మా 6.2కి 17, 18. 5.0కి దాదాపు 22. ఇది శాస్త్రం కాదు, అంచనా. కొత్తవాళ్లకి దీనికంటే ఒక సైజు తగ్గించాలి. ఆ రోజు 11 ఉంది, 14 దాకా పెరుగుతుంది, 7.5 అన్నివిధాలా సరిపోతుంది అనుకున్నాను.

వల కుట్టుకుంటున్న పెద్దాయన తలెత్తాడు. "సార్, గాలి మళ్లతా ఉండాది. ఇయాళ పడమర శానాసేపు తోసింది. ఇట్టాంటప్పుడు తూర్పుది వస్తే దబాయించి వస్తాది."

"11 ఉంది పెద్దాయనా" అని మీటర్ చూపించాను.

"ఇప్పుడు 11. నేను చెప్పేది ఇంకాసేపటికి" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సెయిల్ కట్టేటప్పుడు ఇంకో పొరపాటు. డౌన్‌హాల్ అంటే సెయిల్‌ని మాస్ట్ వెంట కిందికి లాగే తాడు. మాస్ట్ అడుగున కాలు ఆనించి, తాడుని హార్నెస్ కొక్కేనికి చుట్టి, వెనక్కి వాలి లాగాలి. కప్పీలో ఉప్పు పేరుకుంటే అది అంగుళం అంగుళంగా మొరాయిస్తుంది, వేళ్ల మీద ఎర్రటి గీతలు పడతాయి. గట్టిగా లాగితే మాస్ట్ పైభాగం వంగి, సెయిల్ వెనక అంచు వదులవుతుంది. దెబ్బ గాలి వచ్చినప్పుడు ఆ వదులు అంచు తెరుచుకుని ఎక్కువైన గాలిని వదిలేస్తుంది. తక్కువ గాలికి మాత్రం అంత లాగం, సెయిల్‌కి కాస్త పొట్ట ఉండనిస్తాం, ఆ పొట్టే గాలిని పట్టుకుంటుంది. నేను 11 నాట్లకి కట్టినట్టే కట్టాను. పైనుంచి మొదటి బద్ద (సెయిల్‌ని బిగువుగా ఉంచే అడ్డపుల్ల) దాకానే అంచు వదులుగా ఉంది. ఇంకో మూడు సెంటీమీటర్లు లాగి ఉంటే రెండో బద్ద దాటి వదులయ్యేది.

ఒకటీ నలభైకి నీళ్లలో దిగాడు. మొదటి పావుగంట చూడముచ్చటగా ఉంది. రెండుసార్లు ప్లేనింగ్ కూడా వచ్చింది, ఒడ్డుకి దగ్గరగా పోతూ నాకు వినపడేలా కేకలేశాడు.

రెండు గంటలకి దక్షిణాన నీటి మీద ఒక ముదురు గీత కనిపించింది. అది మా వైపు నడిచొచ్చింది. గీతకి ఆ పక్క నీళ్లు నల్లగా, నురుగు తెల్లగా. మీటర్ ఎత్తేసరికి 16, చూస్తుండగానే 19, దెబ్బలు 23 దాకా. వెనక తోటలో సరుగుడు చెట్ల చప్పుడు సన్నటి ఈల నుంచి జడివాన శబ్దంలా మారింది.

వెనక చేతిని బూమ్ (సెయిల్‌ని పట్టుకునే అడ్డకర్ర) లాగేస్తోంటే అతను ఒంటినంతా వెనక్కి వాల్చి ఆపాలని చూశాడు. పొట్ట ఉన్న సెయిల్‌లో గాలి బలమంతా వెనక్కి జరుగుతుంది. బోర్డు ముక్కు లేచింది. హార్నెస్ తగిలించి ఉండగానే దెబ్బ గాలి తగిలి ముందుకి విసిరేసింది. మాస్ట్ పోయి బోర్డు ముక్కుకి కొట్టుకున్న చప్పుడు ఒడ్డుకి వినిపించింది.

తర్వాతి పది నిమిషాలు చూడ్డానికి కష్టంగా ఉంది. నీళ్లలో పడున్న 7.5 సెయిల్‌ని 19 నాట్లలో తాడుతో లేపడం అంటే తడిసిన పరుపుని బావిలోంచి తోడినట్టే. సగం లేస్తుంది, గాలి పడుతుంది, మనిషితో సహా అవతల పడుతుంది. ఆరు సార్లు లెక్కపెట్టాను. ఏడోసారి లేవలేదు. బోర్డు మీద కూర్చుని, రెండు చేతులూ పక్కలకి చాపి, మెల్లగా పైకెత్తి దించాడు. సాయం కావాలని చెప్పే సంజ్ఞ అది. ఆ రోజు పొద్దున్నే నేనే నేర్పాను.

నేను ఒడ్డు వెంట ఉత్తరం వైపు పరుగు. పొద్దున చెప్పినట్టే సెయిల్‌ని వదలకుండా నీళ్లలో లంగరులా పడేసి, బోర్డు మీద బోర్లా పడుకున్నాడు. గాలి ఒడ్డువైపు ఏటవాలుగా ఉంది కాబట్టి అదే నెమ్మదిగా తెచ్చింది. రెండు యాభైకి, దిగిన చోటికి ఒకటిన్నర కిలోమీటరు ఉత్తరాన ఇసక మీదకి చేరాడు. మోచేతులు దోక్కుపోయాయి, ముక్కులోంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి. ఇంకేమీ కాలేదు. ఇంకా ఉత్తరానికి కొట్టుకుపోతే పెన్నా సముద్రంలో కలిసే చోటు ఉంది, ఆ నీళ్ల లాగుడులో పడటం నాకు ఇష్టం లేదు. అంత దూరం పోలేదు.

ఎక్కడ తప్పాం

11 ఎక్కడ, 19 ఎక్కడ, తేడా 8 నాట్లే కదా అని మా కుర్రాడు ఆ సాయంత్రం అడిగాడు. గాలి తోసే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 19ని 11తో భాగించి వర్గం చేస్తే దాదాపు 3. అదే సెయిల్, అవే చేతులు, బరువు మూడింతలు. 10 నుంచి 14కి పెరిగినా బలం రెట్టింపవుతుంది. మనకి అంకెల్లో చిన్నదిగా కనిపించేది చేతులకి చిన్నది కాదు.

ఫోర్‌కాస్ట్ అబద్ధం చెప్పలేదు, నేనే తప్పుగా చదివాను. ప్రపంచమంతటికీ లెక్కలు కట్టే మోడళ్లు భూమిని కొన్ని కిలోమీటర్ల వెడల్పు గళ్లుగా విడగొట్టి సగటు చెబుతాయి. తీరం వెంట సన్నటి పట్టీలా వచ్చే సముద్రపు గాలి ఆ గడిలో సగం కరిగిపోతుంది. అవి చెప్పేది 10 మీటర్ల ఎత్తులో గాలి. నేను కొలిచింది చేతి ఎత్తులో, అదీ బోట్ల వరస పక్కన నిలబడి. అక్కడ కొంత తక్కువే చూపిస్తుంది. రెండు వైపులా తక్కువ చెప్పిన అంకెలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి, నేను నమ్మాను.

పెద్దాయన చెప్పిందే అసలు కారణం. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలిని ఒడ్డుకి రానివ్వదు. ఈలోగా నేల కాలిపోతూనే ఉంటుంది. ఆ రోజు నెల్లూరులో ఎండ 42 దాటింది. నేలకీ నీళ్లకీ మధ్య తేడా ఎంత పెరిగితే, అడ్డు తొలగినప్పుడు గాలి అంత ఊపుగా వస్తుంది. పదిన్నరకే మెత్తగా మొదలైన సముద్రపు గాలి మెత్తగానే పెరుగుతుంది. ఒంటి గంటకి వచ్చినదాన్ని నమ్మకూడదు. ఈ తేడా నాకు తెలియనిది కాదు. మీటర్ చేతిలో ఉండేసరికి తెలిసింది మర్చిపోయాను.

ఇక్కడ ఒక పాత సంగతి. 1805 ప్రాంతంలో గాలికి అంకెలు పెట్టిన బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ మొదట రాసుకున్నది గాలి వేగం కాదు. ఏ గాలికి యుద్ధనౌక ఎన్ని తెరచాపలు మోయగలదు అన్నదే ఆయన కొలత. కి.మీ.లు, నాట్లు తర్వాత వచ్చి చేరాయి. ఆ పట్టిక ప్రకారం 3వ నంబరు గాలికి, అంటే 7 నుంచి 10 నాట్లకి, నురుగు అక్కడొకటి ఇక్కడొకటి. 4కి, 11 నుంచి 16 దాకా, నురుగు తరచుగా కనిపిస్తుంది, నేల మీద దుమ్ము, కాగితాలు లేస్తాయి. 5కి, 17 నుంచి 21 దాకా, ఎటు చూసినా నురుగే, చిన్న చెట్లు ఊగుతాయి. మా దగ్గర రొయ్యల గుంటల మీద పక్షులు వాలకుండా దారాలు కడతారు. అవి మోగడం మొదలైతే నేను 7.5 సంచి విప్పను. ఇది బ్యూఫోర్ట్ పట్టికలో ఉండదు.

తప్పుల్లో పెద్దది ఇంకోటి. వాటర్‌స్టార్ట్ రానివాడికి సెయిల్ ఎంచాల్సింది ప్లేనింగ్ లెక్కతో కాదు. పడితే తాడుతో లేపగలడా అన్న లెక్కతో. అదే గాలిలో, అదే బరువున్న నేను 7.5 మీద ఏడుస్తూనైనా వెనక్కి వచ్చేసేవాణ్ని. నా లెక్క అతనికి అంటగట్టాను.

ఆదివారం

మరుసటి రోజూ అదే తీరు. పడమటి గాలి పన్నెండు దాకా పోయింది, ఒంటిగంట దాటాక మళ్లింది. ఈసారి సంచులేవీ విప్పకుండా, బోట్ల వరస దాటి, నీళ్లు పాదాలకి తగిలే చోట నిలబడ్డాం. మీటర్ నెత్తి పైకెత్తి, రెండేసి నిమిషాలు పట్టుకుని సగటు చూశాం. 12. పది నిమిషాలాగి 15. ఇంకో పది నిమిషాలకి 17. అప్పటికీ కట్టలేదు. ఎండిన ఇసక కాళ్ల పిక్కలకి సూదుల్లా గుచ్చుకోవడం మొదలయ్యాక, నాలుగోసారి కొలిస్తే 18, దెబ్బలు 21. ఇక పెరగడం ఆగిందనిపించింది.

లెక్క ప్రకారం 18కి 6.1 రావాలి, మా దగ్గరున్నది 6.2. కొత్తవాడికి ఒక సైజు తగ్గించాలన్న నా మాట ప్రకారమైతే 5.0 కట్టాలి. ఇక్కడ కాసేపు తటపటాయించాను. 5.0తో లేపడం తేలిక, కానీ గాలి 15కి జారిందంటే ఒడ్డు దగ్గర విరిగే అలలు దాటే ఊపు ఉండదు, అక్కడ ఇరుక్కుంటే మాస్ట్ విరుగుతుంది. 6.2 కట్టి డౌన్‌హాల్ గట్టిగా లాగించాను. రెండో బద్ద దాటి అంచు వదులైంది, గాలి తగిలినప్పుడల్లా పైభాగం గుండె కొట్టుకున్నట్టు తెరుచుకుని మూసుకుంటోంది. సెయిల్‌ని బూమ్ చివరికి లాగే తాడు, ఔట్‌హాల్ కూడా బిగించి పొట్ట తగ్గించాం. ఫిన్ 46 తీసి 40 పెట్టాం. చిన్న సెయిల్‌కి పెద్ద ఫిన్ ఉంచితే వేగంలో బోర్డుని ఒక పక్కకి లేపేస్తుంది.

దిగేముందు ఒక పరీక్ష పెట్టాను. నడుం లోతు నీళ్లలో సెయిల్ పడేసి మూడుసార్లు తాడుతో లేపమన్నాను. మూడోసారి కూడా ఆయాసపడకుండా లేపితే వెళ్లొచ్చు. లేపాడు.

గంటన్నర తిరిగాడు. పడ్డాడు, లేచాడు. ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా మధ్యలో ఎక్కడా బోర్డు నీళ్లలో కూర్చోకుండా ప్లేనింగ్‌లో పోయాడు. నాలుగున్నరకి గాలి 13కి దిగింది. 6.2 చాల్లేదు. బోర్డు ఎద్దుబండిలా నడిచింది, చివరి రెండొందల మీటర్లు ఒడ్డున మోసుకొచ్చాడు.

"7.5 ఉండుంటే ఇంకో అరగంట ఆడుకునేవాణ్ని అన్నా" అన్నాడు, నిన్నటి గాయాలు మోచేతుల మీద ఉండగానే.

నాకు కోపం రాలేదు. తక్కువ గాలిలో చిన్న సెయిల్ ఉంటే విసుగొస్తుంది, నడవాల్సి వస్తుంది. శనివారం సంగతి దానితో పోల్చేది కాదు.

ఆ తర్వాత

బోర్డు ముక్కు మీద మాస్ట్ కొట్టిన చోట అరచేతి వెడల్పున పగిలింది. నీళ్లు లోపలికి దిగకుండా మూడు రోజులు ఎండబెట్టి, ఎపాక్సీ, ఫైబర్ గుడ్డ వేసి అతికించాం. ఫైబర్ బోట్లకి మరమ్మతు చేసే మేస్త్రీయే చేసిచ్చాడు. పని గట్టిగా ఉంది, నునుపు మాత్రం అడక్కండి.

నోట్‌బుక్‌లో ఇప్పుడు ఒక గడి ఎక్కువ గీస్తున్నాను: ఎంత గాలి అన్నదాని పక్కన, పడమటి గాలి ఎన్నింటికి ఆగింది అని. పదకొండు దాటాక ఆగిన రోజుల్లో, మొదటి అంకె ఎంత వచ్చినా, మళ్లినప్పటి నుంచి ముప్పావుగంట దాకా సెయిల్ సంచి విప్పడం లేదు. అక్టోబరు దాటితే ఈ లెక్కలేవీ పనికిరావు, గాలి ఈశాన్యానికి మారుతుంది, వాయుగుండాల కాలం. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే బోర్డులు ఇంట్లోనే. ఆ గడబిడ తగ్గి జనవరిలో ఈశాన్యం నీరసంగా, నిలకడగా వీచే మధ్యాహ్నాలుంటాయి. 7.5ని వాటికోసం దాచాను.

పెద్దాయన మాత్రం నేను మీటర్ తీసినప్పుడల్లా వల పక్కన పెట్టి వస్తాడు. "ఎంత చెప్తా ఉండాది సార్?" అని అడుగుతాడు. చెబుతాను. సముద్రం వైపు ఒకసారి చూసి, ఒక్కోసారి తలూపుతాడు, ఒక్కోసారి ఊపడు. ఊపనప్పుడు ఒక సైజు తగ్గిస్తున్నాను.